పాత పోరాట క్రీడలు – పాఠపరిష్కరణ

శీర్షిక చూచి ఏ ప్రాచీన మల్లయుద్ధ గ్రంథాన్నో పరిచయం చేయబోతున్నానని వచ్చినవారు మన్నించాలి. ఇది టీవీకి తగిలించి పిల్లలు ఆడుకొనే వీడియో గేముల గురించిన టపా. అందులోనూ ఇద్దరు ఎదురెదురుగా నిలబడి గుద్దుకొనే, తన్నుకొనే ఆటల గురించి. ముప్పైమూడేళ్ళు బడిపిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పి విశ్రాంతి తీసుకొంటున్న తెలుగు పండితుడికి ఈ గొడవ దేనికని మీరు అడగవచ్చు. గొడవ నాకు కొత్తది కాదు, పాత్రలే కొత్తవి. చివరిదాకా చదివితే మీరూ ఒప్పుకొంటారు.

మా అబ్బాయిది హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం. వాడికీ, వాడి ఈడు మిత్రులు కొందరికీ ఒక వ్యసనం ఉన్నది. చిన్నతనంలో తాము ఆడిన స్ట్రీట్ ఫైటర్, టెక్కెన్, కింగ్ ఆఫ్ ఫైటర్స్ వంటి ఆటలను నేటి కంప్యూటర్లలో మళ్ళీ నడిపించి, వాటి బొమ్మను నేటి పెద్ద తెరలకు తగినట్లు ‘బాగుచేయడం’. ఈ ‘బాగు’ అనే రెండక్షరాల మాట దగ్గరే వాళ్ళలో వాళ్ళకు పడదు. ఒకడు చుక్కలన్నిటినీ కరిగించి గీతలు నున్నగా చేసి, ఇదీ బాగంటాడు. ఇంకొకడు, నీవు బొమ్మను చెరిచావు, చుక్కలు చుక్కలుగా కనబడితేనే అసలు బొమ్మ అంటాడు. మూడవవాడు, మీరిద్దరూ తప్పే, ఆనాటి గాజు తెరమీద కనబడినట్లు కనబడాలి అంటాడు. క్రిందటి వేసవిలో అబ్బాయి ఇంట్లో ఉండి పదిరోజులు ఈ వాదం విన్నాను. వింటూంటే నాకు తాళపత్ర ప్రతులను ముందు వేసుకొని తగవులాడుకొనే మా గురువులు గుర్తుకు వచ్చారు.

ప్రాచీన కావ్యాన్ని అచ్చుకు సిద్ధం చేసేవాడికి అడుగడుగునా ఒకటే ప్రశ్న. ఇక్కడ కనబడే వింత రూపం లేఖక దోషమా, కవి ప్రయోగమా? మొదటిదైతే దిద్దాలి. రెండవదైతే ముట్టకూడదు. ఈ రెంటినీ వేరుచేయడం చేతకాక, కవి కావాలని వ్రాసినదాన్ని దిద్ది, వ్రాయసగాడు తొందరలో చెరిపినదాన్ని నెత్తిన పెట్టుకొన్న పరిష్కర్తలు మనకు కొదువ లేరు. పాత ఆటల బొమ్మను బాగుచేసేవారి ముందున్నదీ అదే ప్రశ్న అని నా అభిప్రాయం.

ముందుగా ఎమ్యులేటరు అంటే ఏమిటో చెప్పాలి. ఒక పాత యంత్రం ఏ ఆదేశానికి ఏమి చేసేదో దానినంతా తు.చ. తప్పకుండా కొత్త యంత్రంలో చేసి చూపే ప్రోగ్రాము అది. దీనికి తెలుగు మాట చెప్పమని అబ్బాయి అడిగాడు. ‘అనుకారి’ అన్నాను. మొగం చిట్లించాడు. ‘పరకాయప్రవేశం’ అన్నాను. “అదీ, నాన్నగారూ!” అన్నాడు. నిజానికి ఆ మాట చక్కగా అతుకుతుంది. ఆట అనే జీవుడికి తాను పరాయి శరీరంలో ఉన్నానని తెలియదు. తన పాత ప్లేస్టేషనులోనే ఉన్నాననుకొని, దానికి చెప్పినట్లే “ఇక్కడొక త్రిభుజం గీయి, అక్కడొక రంగు నింపు” అని చెబుతూ ఉంటుంది. ఆ ఆజ్ఞకూ, తెరమీద పడే బొమ్మకూ నడుమ ఇప్పుడు మనం ఉన్నాము. పరిష్కర్త వేలు పెట్టగలిగిన చోటు అదే. (ఆట డిస్కులు మావే, అటకమీద పెట్టెలో ఉన్నాయి. ఈ సంగతి అడగబోయే న్యాయవాద మిత్రులకోసం ముందే చెబుతున్నాను.)

టెక్కెన్ 3 అనే ఆటను జపానుకు చెందిన నామ్కో సంస్థ 1997లో ఆటశాలల యంత్రంగా విడుదల చేసింది, 1998లో సోనీ ప్లేస్టేషనుకు తెచ్చింది. మా ఊరి బస్టాండు ఎదుట ఒక ఇరుకు గదిలో నాలుగు టీవీలు పెట్టుకొన్న వీడియో గేమ్ షాపు ఉండేది. గంటకు పది రూపాయలు. 2001, 2002 ప్రాంతంలో సాయంత్రం బడి విడిచాక నా తరగతి పిల్లలలో సగంమంది అక్కడే దొరికేవారు. ఎడ్డీ గోర్డో అనే బ్రెజిలు వీరుణ్ణి ఎంచుకొని, ఏ మీట నొక్కుతున్నాడో తనకే తెలియకుండా ఎడాపెడా నొక్కి గెలిచేవాడిని మిగిలినవారు తిట్టిన తిట్లు నేను రోడ్డుమీద నడుస్తూ విన్నాను. వాటిలో కొన్ని నిఘంటువుకు ఎక్కదగిన దేశ్యాలు.

ఆ ఆటలో మనుష్యులు గీసిన బొమ్మలు కారు, లెక్కలతో కట్టిన బొమ్మలు. ఒక్కొక్క శరీరం త్రిభుజాల, చతుర్భుజాల కూర్పు. ఏ కోణం ఎక్కడ ఉండాలో యంత్రం సెకనుకు అరవైసార్లు లెక్క వేస్తుంది. ఇక్కడ పాత ప్లేస్టేషనుకు రెండు పెద్ద లోపాలు ఉన్నాయి. మొదటిది, అది తెరమీద భిన్నాలను ఒప్పుకోదు. మోకాలి మూల 100.4వ చుక్క దగ్గర పడవలసి ఉంటే 100 దగ్గర పెడుతుంది. మరుక్షణం 100.6కు కదిలితే 101కి గెంతిస్తుంది. అందువల్ల నిలబడిన మనిషి కూడా చలిజ్వరం వచ్చినట్లు సన్నగా వణుకుతూ ఉంటాడు. రెండవది, ఒక పలకమీద బొమ్మను అతికించేటప్పుడు, దూరమైనది చిన్నగా దగ్గరిది పెద్దగా కనబడాలనే లోతు లెక్కను అది వదిలివేస్తుంది. నేలమీద తిన్నగా పోవలసిన గీతలు మన చూపు కదిలినప్పుడల్లా వంకరలు తిరిగేది అందుకే.

ఇవి ఎవరి ఉద్దేశాలు? ఎవరివీ కావు. నామ్కో చిత్రకారుడు మోకాలు వణకాలని కోరలేదు. సరైన లెక్క లోపల జరుగుతూనే ఉన్నది. దానిని తెరమీదికి ఎక్కించే వ్రాయసగాడు, అంటే ఆ చిన్న యంత్రం, తీరిక లేక అరసున్నలు వదిలేసినట్లు భిన్నాలు వదిలేశాడు. కాబట్టి ఇది శుద్ధ లేఖక దోషం. నేటి ఎమ్యులేటర్లు దీనిని దిద్దుతాయి. డక్‌స్టేషను వంటి వాటిలో పీజీఎక్స్‌పీ అనే ఏర్పాటు ఒకటి ఉన్నది. యంత్రం పారవేసిన భిన్నాన్నీ, లోతునూ పక్కన దాచి ఉంచి, గీసేటప్పుడు తిరిగి అందిస్తుంది. పైగా అదే త్రిభుజాన్ని నాలుగింతలు, ఎనిమిదింతలు సన్నని చుక్కలతో గీయవచ్చు. వణుకు ఆగిపోతుంది. గీత తిన్ననవుతుంది. కొన్ని ఆటలలో మాత్రం ఈ చికిత్స వికటించి, అతుకుల నడుమ సన్నని పగుళ్ళు కనబడతాయి. అప్పుడు ఆ ఒక్క ఆటకు దానిని ఆపుకోవాలి.

మన బ్లాగులోకానికి బాగా తెలిసిన ఉదాహరణ ఒకటి చెబుతాను. విండోస్ ఎక్స్‌పీ రోజులలో గౌతమి ఖతితో మనం చదివిన తెలుగు జ్ఞాపకం ఉన్నదా? చిన్న అక్షరాలలో ఒత్తులు మసిబొట్లు, ఏత్వమేదో ఎత్వమేదో ఊహించుకోవలసిందే. కొన్ని పత్రికల జాలస్థలులు యూనికోడుకు రాకముందు వార్తలను బొమ్మలుగా పెట్టేవి. ఇవాళ ఈ రెంటినీ ఒక మంచి ఫోను తెరమీద పెద్దవి చేసి చూడండి. ఖతి అక్షరం ఒంపుతో సహా నిగనిగలాడుతుంది. ఎందుకంటే దానిలో దాగినది చుక్కలు కాదు, రేఖ. ఆనాటి తెర దానిని సరిగా చూపలేకపోయింది, అంతే. బొమ్మగా పెట్టిన అక్షరమో, ఎంత పెంచితే అంత మెట్లు మెట్లుగా విడిపోతుంది. దానిలో చుక్కలు తప్ప మరేమీ లేవు. టెక్కెన్ మొదటి జాతి. స్ట్రీట్ ఫైటర్ రెండవ జాతి. ఈ తేడా తెలియకుండా రెంటికీ ఒకే వైద్యం చేయడమే తగవులన్నిటికీ మూలమని నాకు తోచింది.

మొదటి జాతి గురించి ముగించేముందు ఒక న్యాయస్థానపు ముచ్చట. రాండీ లిండెన్, డేవిడ్ హెర్పోల్షైమర్ అనే ఇద్దరు అమెరికాలో ‘బ్లీమ్’ అనే ఎమ్యులేటరును 1999లో అమ్మకానికి పెట్టారు. ప్లేస్టేషను డిస్కును కంప్యూటరులో వేసుకొని టీవీలో కంటె స్పష్టంగా ఆడుకోవచ్చునన్నది వారి ప్రకటన. అందుకు రుజువుగా టీవీలో కనబడే బొమ్మనూ, తమ ప్రోగ్రాములో కనబడే బొమ్మనూ పక్కపక్కన అచ్చువేశారు. మా ఆటల బొమ్మలు మీరెట్లా వేస్తారని సోనీ దావా వేసింది. పోల్చి చూపడం కొనేవాడికి మేలు చేసేదేనని అప్పీళ్ళ న్యాయస్థానం 2000లో బ్లీమ్ పక్షాన నిలిచింది. 2001లో వారు సెగా డ్రీమ్‌కాస్టులో టెక్కెన్ 3ను నడిపే డిస్కును కూడా తెచ్చారు. ఒక కంపెనీ ఆట మరొక కంపెనీ యంత్రంలో, పుట్టింట్లో కంటె నాజూకుగా! అదే ఏడు ఆ సంస్థ మూతపడింది. తీర్పులలో గెలిచి, వకీళ్ళ ఖర్చుల ముందు ఓడింది. పాత బొమ్మను బాగుచేసి చూపడం అనే పని ఇంత పాతది, ఇంత ఖరీదైనది.

అయితే దిద్దుబాటుకూ హద్దు ఉన్నది. ప్లేస్టేషను టెక్కెన్ 3లో వీరుల వెనుక కనబడే దృశ్యం ఆటశాల యంత్రంలో వలె కట్టిన దృశ్యం కాదు. చోటు చాలక దానిని చదునైన పటంగా మార్చారు. కనుక మనుష్యులను ఎనిమిదింతలు నాజూకు చేస్తే, వెనుక పటం మాత్రం ఉన్నచోటనే ఉండిపోతుంది. పట్టుచీరకు గోనెపట్టా అంచు కుట్టినట్లు. శరీరపు అంచులు కత్తిలాగా కనబడతాయి కాని, మొగాన అతికించిన కనుబొమల బొమ్మ అలుక్కుపోయే ఉంటుంది. పిడికిలి ఒక చిన్న పెట్టె అన్న సంగతి బయటపడుతుంది. ఆనాటి మసకలో ఈ లోట్లన్నీ ఒద్దికగా దాగి ఉండేవి. మా అబ్బాయి ఎనిమిదింతల నుంచి క్రమంగా దిగివచ్చి మూడింతల దగ్గర ఆగాడు. నాకు అది వాడి చదువుకు మించిన వివేకంగా కనబడింది.

ఇక రెండవ జాతి. కాప్‌కామ్ సంస్థ 1991లో విడుదల చేసిన స్ట్రీట్ ఫైటర్ 2 బొమ్మ 384 చుక్కల వెడల్పు, 224 వరుసల ఎత్తు. అంతకు మించి దానిలో ఏమీ దాగి లేదు. దాని వీరుల కదలికలన్నీ మనుష్యులు చుక్క చుక్కగా కూర్చినవి. ర్యూ అనే కరాటే వీరుడి మొగం మొత్తం నా చిటికెన వ్రేలి గోరంత. కన్ను మూడు నాలుగు చుక్కలు. ఆ మూడు చుక్కలలో కోపం చూపించాలి. ఛందస్సు తెలిసినవారికి ఈ కష్టం అర్థమవుతుంది. కందపద్యంలో చోటు లేదని భావాన్ని ఎంత నొక్కి పెడతామో, ఇదీ అంతే. ఒక్క చుక్క అటు జరిగితే కోపం నిద్రమత్తు అవుతుంది.

ఇటువంటి బొమ్మను నున్నగా చేసే సూత్రాలు చాలా ఉన్నాయి. 2001లో ఆండ్రియా మజ్జొలేని అనే ఆయన చేసిన ‘స్కేల్2ఎక్స్’ వాటిలో సరళమైనది. ప్రతి చుక్కను నాలుగుగా విడగొడుతుంది. పైచుక్కా, ఎడమచుక్కా ఒకే రంగైతే, అక్కడొక ఏటవాలు గీత పోతున్నదని ఊహించి ఆ మూలకు ఆ రంగు వేస్తుంది. కొత్త రంగు ఒక్కటి కూడా పుట్టించదు. నాకు దాని సంయమనం నచ్చింది. 2003లో మాక్సిమ్ స్టెపిన్ చేసిన ‘హెచ్‌క్యూ’ వర్గం చుట్టూ ఉన్న ఎనిమిది చుక్కలనూ చూచి, నడిమి రంగులు కలిపి, మరింత నునుపు తెస్తుంది. తరువాత వచ్చిన ‘ఎక్స్‌బీఆర్’ అంచు ఏ దిశగా పోతున్నదో ఇంకా దూరం చూచి లెక్కకట్టి గీస్తుంది. భుజం ఒంపు, బట్ట మడత వీటితో నిజంగా అందంగా వస్తాయి. కాని మొగం దగ్గర చతికిలపడతాయి. ఎందుకంటే సూత్రానికి అది కన్ను అని తెలియదు. మూడు చుక్కలు కనబడ్డాయి, గుండ్రం చేసింది. కోపంగా ఉన్నవాడు పిండిబొమ్మ అయ్యాడు. ఇది కవి ప్రయోగాన్ని వ్యాకరణసూత్రంతో దిద్దడం. సూత్రం తప్పు కాదు, దానిని ప్రయోగించిన చోటు తప్పు.

దీనికంటె ముందుకు పోయి బొమ్మలన్నిటినీ మళ్ళీ గీయించినవారూ ఉన్నారు. అది ఎమ్యులేటరు పని కాదు కాని చెప్పదగినది. 2008లో వచ్చిన సూపర్ స్ట్రీట్ ఫైటర్ 2 టర్బో హెచ్‌డీ రీమిక్సు కోసం కెనడాకు చెందిన యుడాన్ చిత్రకారులు పాత భంగిమలను పెద్ద పరిమాణంలో కొత్తగా గీశారు. భంగిమల సంఖ్య మాత్రం పాతదే. చుక్కల బొమ్మలో ఒక భంగిమకూ మరొక భంగిమకూ నడుమ ఉన్న ఖాళీని మన కన్ను పూరించుకొనేది. కండరం కండరంగా గీసిన బొమ్మ అదే ఖాళీని గెంతితే, కీలుబొమ్మ గెంతినట్లు ఉంటుంది. వివరం పెరిగినకొద్దీ కదలిక పేదదయింది. పాత ఛందస్సులో కొత్త కవి పదాలు పొదిగితే, యతి కుదిరినా నడక కుదరనట్లు.

ఇప్పుడు మరొక విద్య వచ్చింది. వేలకొలది బొమ్మలు చూపించి నేర్పిన కృత్రిమ మేధ చేత చిన్న బొమ్మను పెద్దది చేయించడం. 2018 తరువాత ఆటల అభిమానులలో ఇది వ్యాపించింది. ఇది లేని వెంట్రుకలు మొలిపిస్తుంది, లేని నేత నేస్తుంది. చూడగానే అబ్బురమే. మా పండిత పరిభాషలో దీని పేరు ప్రక్షిప్తం. పూరణ తప్పని నేను అనను. పోతన భాగవతంలో లోపించిన స్కంధాలను గంగన, సింగన, నారయ పూరించలేదా? ఆంధ్రులందరూ ఆ పూరణలను కలుపుకొనే చదువుతున్నారు. కాని వారు స్కంధాంత గద్యలో తమ పేరు చెప్పుకొన్నారు. ఎక్కడ పోతన ఆగాడో, ఎక్కడ తాము మొదలుపెట్టారో చదువరికి తెలుసు. కృత్రిమ మేధ మొలిపించిన వెంట్రుకకు గద్య లేదు. పదేళ్ళ తరువాత ఆ బొమ్మ చూచిన పిల్లవాడు ఇదే 1991 నాటి ర్యూ అనుకొంటాడు. నా అభ్యంతరం అంతవరకే.

అయితే చుక్కలను యథాతథంగా చూపడమే శుద్ధ పాఠమా? ఇక్కడ మా అబ్బాయి మిత్రులలో మూడవవాడు చెప్పిన మాట నన్ను నిలవేసింది. “సార్, ఈ చతురస్రాలను ఆ బొమ్మ గీసినవాళ్ళు కూడా చూడలేదు” అన్నాడు. నిజమే. ఆనాటి ఆటశాల యంత్రంలో ఉన్నది పిక్చర్ ట్యూబు. ఎలక్ట్రాను పుంజం ఒక్కొక్క వరుసను గాజుమీద గీసుకొంటూ పోతుంది. రెండు వరుసల నడుమ సన్నని చీకటి మిగులుతుంది. వెలుగు ఎక్కువైన చోట ఆ వరుస లావెక్కుతుంది, తక్కువైన చోట సన్నబడుతుంది. గాజు వెనుక ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫాస్ఫరు మచ్చలు ఆ వెలుగును పంచుకొంటాయి. మూడు చుక్కల కన్ను ఆ గాజుమీద చతురస్రాలుగా కాక, వెలుగూ నీడలుగా కనబడుతుంది. ఇంటి టీవీకి పసుపుపచ్చ పిన్ను తీగతో తగిలిస్తే పక్కపక్క రంగులు ఇంకొంచెం కలిసిపోతాయి. సెగా మెగాడ్రైవు ఒకేసారి చూపగలిగినవి 64 రంగులే. కనుక రెండు రంగులను చదరంగపు గళ్ళలాగా వేసి, మూడవ రంగు భ్రమను ఆ కలయికకు వదిలేసేవారు. నేటి తెరమీద ఆ గళ్ళు గళ్ళుగానే కనబడి, అయ్యో ఎంత మొరటు పని అనిపిస్తుంది. మొరటుతనం పనిది కాదు, మన తెరది.

పైగా ఆ చుక్కలు చతురస్రాలే కావు. 384కు 224 అంటే చాలా వెడల్పు బొమ్మ. దానిని 4:3 కొలతగల ట్యూబులో నింపేవారు. అంటే ఒక్కొక్క చుక్క వెడల్పు 7 పాళ్ళు, ఎత్తు 9 పాళ్ళు. అదే ఆటను 1992లో సూపర్ ఫామికామ్‌కు తెచ్చినప్పుడు వెడల్పు 256 చుక్కలకు తగ్గింది. అక్కడ చుక్క నిలువుగా కాక అడ్డంగా సాగింది. రెండు యంత్రాలలోనూ ర్యూను ఒక కొలతకు తెచ్చింది ఆ టీవీయే. ఇది తెలియక చుక్కను చతురస్రంగా చూపినవాడు ఆటశాల ర్యూను లావుచేశాడు. మా మనవడి టీవీలో ఇంకా ఘోరం, బొమ్మను వెడల్పు తెరనిండా సాగదీశారు. హోండా అనే మల్లుడు అసలే స్థూలకాయుడు, తలుపులో పట్టడనిపించాడు.

ఇక్కడ నేను ఒక లెక్క వేశాను. నేటి 4కె తెర ఎత్తు 2160 వరుసలు. 224ను తొమ్మిదింతలు చేస్తే 2016. 384ను ఏడింతలు చేస్తే 2688. ఈ రెంటి నిష్పత్తి సరిగ్గా 4:3! మిగులు లేదు, తరుగు లేదు. సీసపద్యంలో గణాలు చివరి అక్షరం దాకా సరిపడినప్పుడు కలిగే సంతోషం కలిగింది. పాత హెచ్‌డీ తెరమీద 224 వరుసలను 1080లో నింపబోతే 4.82 రెట్లు అవుతుంది. కొన్ని వరుసలు లావు, కొన్ని సన్నం. ఇప్పుడు ప్రతి పాత వరుసకూ తొమ్మిది కొత్త వరుసలు ఉన్నాయి. నడిమి వాటికి వెలుగు, అంచు వాటికి చీకటి ఇచ్చి, ట్యూబు గీసిన గీతను గీయవచ్చు. ఈ పని చేసే చిన్న ప్రోగ్రాములను ‘షేడర్లు’ అంటారు. ‘సీఆర్‌టీ రాయల్’ అనేది వాటిలో పేరుపొందినది. చుక్కలను ఇది దిద్దదు, పూరించదు. తాళపత్రాన్ని సరైన వెలుతురులో పట్టుకొని చూపుతుంది. రెండవ జాతికి తగిన పరిష్కరణ ఇదేనని నా తీర్పు. అడిగారు కనుక చెప్పాను, ఇద్దరికి కోపం వచ్చింది.

కాని షేడరు సరిగా ఉన్నదో లేదో ఎవరు చెప్పాలి? జ్ఞాపకం సాక్ష్యానికి పనికిరాదు. నాకు క్రిందటి ఏడు ఎడమకంటికి శుక్లాలు తీశారు. కుడికన్ను ఇంకా కావలసి ఉన్నది. ఒక కన్ను మూసి మరొక కన్ను తెరిచి చూస్తే, అదే తెల్లని గోడ ఎడమకంటికి నీలిగా, కుడికంటికి పాత కాగితంగా కనబడుతుంది. ఇరవై ఏళ్ళుగా పసుపు ఎక్కుతున్న సంగతి నాకు తెలియనే లేదు. మా అబ్బాయి కూడా, టీవీ ఇట్లా ఉండేది నాన్నగారూ అని చెప్పినప్పుడు, ఏ కంటితో చెబుతున్నాడో వాడికే తెలియదు. షేడరును సరిచూడాలంటే మాతృక కావాలి. పుత్రికను చూచి పుత్రికను దిద్దితే తప్పులు తరతరాలకు పెరుగుతాయి.

మాతృక మా ఇంట్లోనే ఉన్నది. 21 అంగుళాల డబ్బా టీవీ. అబ్బాయి ప్లేస్టేషను ఆడినది దానిమీదనే. ఆటశాల ట్యూబుకూ దీనికీ తేడా ఉన్నది నిజమే, కాని వాడి టెక్కెన్‌కు ఇదే మూలం. ఊళ్ళో టీవీలు బాగుచేసే ఆయన వచ్చి చూచి, “ట్యూబులో ఎమిషన్ తగ్గిపోయింది మాస్టారూ, ఉన్నన్నాళ్ళు ఉంటుంది. పోతే కొత్త ట్యూబు దొరకదు” అని చెప్పిపోయాడు. అబ్బాయి నాకు పని పురమాయించాడు. తాళపత్రాలు చదవడానికి మా గురువుగారిచ్చిన భూతద్దాన్ని ఫోను ముందు పెట్టి, తెరను మూలమూలా ఫొటోలు తీశాను. తెల్లని పొడి బట్ట వేసుకొని నిలబడిన వీరుడి భుజం దగ్గర వరుస ఎంత లావెక్కింది, చీకటి మూలలో ఎంత మిగిలింది, ఎడమ అంచున ఎరుపు ఎంత పక్కకు జరిగింది, అన్నీ వరుస సంఖ్యలతో వ్రాసి పంపాను. వాడు వాటిని ముందు పెట్టుకొని షేడరు అంకెలు సవరించాడు. ఎడమ అంచు ఎరుపును మాత్రం ఏమి చేయాలని ఫోనుచేసి అడిగాడు. అది మన టీవీ దోషం, లోకంలోని టీవీలన్నిటిదీ కాదు, మూలంలో కలపకు, అధస్సూచికలో పెట్టు అన్నాను. పెట్టాడు. మీట నొక్కితే ఎరుపు జరుగుతుంది, మళ్ళీ నొక్కితే సర్దుకొంటుంది.

సంక్రాంతి వెళ్ళగానే ఈ ఊరి ఇల్లు ఖాళీ చేసి అబ్బాయి దగ్గరికి వెళ్ళాలి. వాడిది మూడవ అంతస్తులో రెండు పడకగదుల ఇల్లు. నా పుస్తకాల బీరువాలు రెండు ఉన్నాయి, ఒకదానికే చోటు. టీవీకి అసలు చోటు లేదు. ఫొటోలు ఉన్నాయి కదా, అంకెలు ఉన్నాయి కదా, ఆ పెట్టె ఇంకెందుకని మా ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్న. వారం రోజులు ఆలోచించాను. రెండవ బీరువాలో ఉన్నవి చాలావరకు మళ్ళీ మళ్ళీ అచ్చయిన పుస్తకాలు, అంతర్జాలంలో కూడా దొరుకుతున్నాయి. వాటికి వేరే ప్రతులు ఉన్నాయి. టీవీకి మా ఇంటి మటుకు ఇది ఒక్కటే ప్రతి, పైగా శిథిలం. బీరువాను పుస్తకాలతో సహా ఊరి గ్రంథాలయానికి ఇచ్చివేశాను. ఆ స్థలంలో టీవీ వస్తుందని అబ్బాయికి ఫోనుచేసి చెబితే కాసేపు మాట్లాడలేదు. వెనుకనుంచి మనవడు “తాతయ్యా, అందులో ఎడ్డీ వస్తాడా?” అని అరిచాడు. వస్తాడన్నాను.

నిన్న లారీవాడు సామాను చూచి పోయాడు. గాజు సామానుకు తన పూచీ లేదన్నాడు. మా ఆవిడ ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి రెండు పాత బొంతలు తెచ్చి టీవీమీద పెట్టింది.